ఆస్పత్రి మంచం దగ్గర మన వంతు

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే మనకి ఒకటే బెంగ. థియేటర్లోంచి క్షేమంగా బయటికొస్తే చాలు, గండం గట్టెక్కినట్టే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అసలు జాగ్రత్త పడాల్సింది ఆ తర్వాతేనని మా అత్తగారి విషయంలో తెలిసొచ్చింది.

రెండేళ్ళ క్రితం ఆవిడ బాత్‌రూములో జారిపడ్డారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. నొప్పికి భయపడి ఆవిడ కదిలేవారు కాదు, మేమూ కదిలించలేదు. పడుకున్న మనిషికి అలాగే చెంచాతో కాఫీ, జావ పోశాను. పొలమారితే తలమీద తట్టి, ‘ఎవరో తలుచుకుంటున్నారు అత్తయ్యా’ అని నవ్వాను కూడా. నోరు శుభ్రం చేస్తానంటే, ‘ఇవాళ్టికి వద్దులే అమ్మాయ్’ అనేవారు, ఊరుకునేదాన్ని. ఊపిరి కసరత్తుకని మూడు రంగుల బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఒకటిచ్చారు. అది చూడ్డానికొచ్చిన పిల్లలకి ఆటబొమ్మ అయింది.

నాలుగోరోజు సాయంత్రం ఆవిడ నన్ను చూసి, ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరు పెట్టి పిలిచారు. ఒళ్ళు కొంచెమే వెచ్చగా ఉంది. ఊపిరి మాత్రం ఎగబీలుస్తున్నారు. ‘మందుల మత్తులే వదినా’ అంది మా ఆడపడుచు. నాకు మనసొప్పక నర్సమ్మని పిలిచాను. ఎక్స్‌రే తీస్తే న్యుమోనియా అని తేలింది. వయసు మళ్ళినవాళ్ళకి జ్వరం పెద్దగా రాకపోయినా, ఇలా మాట తడబడటమే మొదటి గుర్తు కావచ్చట.

‘ఇది ఆస్పత్రిలో వచ్చిన న్యుమోనియా అమ్మా’ అన్నారు డాక్టరుగారు. చేరిన 48 గంటలు దాటాక మొదలైతే అలా అంటారట. ఆస్పత్రిలో రెండు మూడు రోజులుండేసరికి అక్కడి క్రిములు రోగి నోట్లో, గొంతులో చేరతాయి. పొలమారినప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి. ఆ మాట వినగానే నా గుండె గుభేలుమంది. ‘ఎంత జాగ్రత్తగా ఉన్నా కొందరికి వస్తుంది, మీరు బాధపడకండి’ అని ఆయనే ఊరడించారు.

క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ లాంటి ఈ ఆస్పత్రి క్రిముల్లో చాలావాటికి మామూలు మందులు పనిచెయ్యవు. అందుకే ముందు కఫం కల్చర్‌కి పంపి, ఫలితం వచ్చేదాకా ఆగకుండా పిపెరాసిల్లిన్–టాజోబాక్టమ్, వాంకోమైసిన్ అని రెండు యాంటీబయాటిక్స్ నరానికి ఎక్కించారు. కల్చర్ అంటే మనం పాలు తోడుపెట్టినట్టే. క్రిముల్ని పెంచి, ఏ మందుకి లొంగుతాయో చూస్తారు. దానికి రెండు మూడు రోజులు పడుతుంది.

ఫలితం వచ్చాక వాంకోమైసిన్ ఆపేశారు. మా మరిది గొడవకి దిగాడు, ‘డబ్బుకి వెనకాడం, ఇంకా పెద్ద మందు రాయండి’ అని. అక్కర్లేని మందు కిడ్నీలకి చేటు, ఒంట్లో మంచి క్రిముల్ని చంపి విరేచనాలు పట్టిస్తుంది, మొండి క్రిముల్ని మిగులుస్తుంది అని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. చాలామందికి ఏడురోజుల కోర్సు సరిపోతుందట. అత్తగారికీ అంతే అయింది.

అప్పుడు నేర్చుకున్నవి మీకూ చెబుతున్నాను:

* డాక్టర్ని అడిగి, మంచం తలవైపు ఎత్తించండి. కూర్చోబెట్టే తినిపించండి. తిన్న వెంటనే పడుకోబెట్టకండి.

* రోజుకి రెండుసార్లు నోరు శుభ్రం చెయ్యండి. కట్టుడు పళ్ళుంటే రాత్రి తీసి కడగండి.

* డాక్టరు సరేనన్న రోజే లేపి కూర్చోబెట్టండి, నడిపించండి. ఊపిరి కసరత్తు మానిపించకండి.

* రోగిని ముట్టుకునే ముందూ, తర్వాతా చేతులు కడుక్కోండి. డాక్టర్నీ, నర్సునీ కూడా ‘చేతులు కడుక్కున్నారా’ అని మర్యాదగా అడగొచ్చు.

* జలుబు, దగ్గు ఉన్న చుట్టాల్ని పలకరింపులకి రావద్దనండి. ఏమైనా అనుకుంటే అనుకోనివ్వండి.

* కొత్తగా దగ్గు, ఆయాసం, జ్వరం, మాట తడబాటు ఏది కనిపించినా వెంటనే చెప్పండి.

ఇంటికొచ్చాకా ఒక మాట. మాత్రల అట్టమీద నిలువుగా ఎర్ర గీత చూశారా? డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని దాని అర్థం. 2016లో కేంద్ర ప్రభుత్వం దాని గురించి ప్రచారం మొదలుపెట్టింది. మన డబ్బాలో మిగిలిన అలాంటి మాత్రని పిల్లాడి జలుబుకి వెయ్యకండి. జలుబుకి అది పనిచెయ్యదు. డాక్టరు రాసిన కోర్సుని మనంతట మనం తగ్గించకూడదు, పొడిగించకూడదు.

అత్తగారు ఇప్పుడు వాకరు పట్టుకుని వంటింటిదాకా వస్తున్నారు, నా పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పడానికి! ఆవిడకి పొలమారితే మాత్రం ఎవరు తలుచుకుంటున్నారో నేను ఆలోచించను. ముందు నిటారుగా కూర్చోబెడతాను.