గాజు పలక మీద గళ్లు

ఉపగ్రహానికి పైన దిక్కు ఎలా తెలుస్తుంది? తూర్పూ పడమరా లేని చోట, తాను ఎటు తిరిగి ఉన్నదీ దానికి చెప్పేదెవరు? చంద్రయాన్ పాఠం జరుగుతుండగా తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగాడు. అందులో స్టార్ సెన్సర్ అనే చిన్న కెమెరా ఉంటుందని, అది ఎదురుగా కనిపించే చుక్కల్ని ఫొటో తీసి తన మెమరీలో ఉన్న నక్షత్రాల జాబితాతో పోల్చుకుంటుందని చెప్పాను. వాడు ఊరుకోలేదు. "ఆ జాబితా ఎవరు రాశారు సార్?" అన్నాడు.

అసలు ప్రశ్న అదే. దానికి జవాబులో ఒక ముక్క అమీర్‌పేట పక్కనే ఉంది.

అమీర్‌పేట అంటే కోచింగ్ సెంటర్ల బోర్డులు, పంజాగుట్ట అంటే ఫ్లైఓవరూ నిమ్స్ ఆస్పత్రీ. వీటికి దగ్గర్లోనే, బేగంపేటలో, సెస్ అనే ఆర్థిక, సామాజిక పరిశోధన సంస్థ ఉంది. ఆ ఆవరణ పేరు ఇప్పటికీ నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్. నిజాం కొలువులో పెద్ద హోదా ఉన్న నవాబ్ జఫర్ జంగ్‌కు నక్షత్రాల పిచ్చి. సొంత డబ్బుతో దూరదర్శినులు తెప్పించి 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేట్లో వేధశాల పెట్టాడు. ఆయన 1907లో పోయాక, మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తర్వాత అది అప్పటికి ఊరికి దూరంగా, చీకటిగా ఉన్న బేగంపేటకు వచ్చింది. దాని గురించి రాసేవాళ్లంతా 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని పొగుడుతారు. నాకు మాత్రం దాని పక్కనున్న 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్ మీదే మనసు. ఆస్ట్రోగ్రాఫ్‌లో కన్ను పెట్టి చూసేదేమీ ఉండదు. కన్ను ఉండాల్సిన చోట ఫొటో పూత పూసిన గాజు పలక ఉంటుంది.

1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు సమావేశమై ఆకాశాన్ని పొలంలా పట్టీలు పట్టీలుగా పంచుకున్నారు. గ్రీనిచ్, పారిస్, వాటికన్, కేప్, సిడ్నీ, ఇలా 20 దాకా వేధశాలలు. ఎవరి పట్టీలో నక్షత్రాల్ని వాళ్లు ఫొటోలు తీసి, కొలిచి, అచ్చు వేయాలి. పథకం పేరు కార్ట్ దు సియెల్. అంతరిక్ష సంస్థలు పుట్టక ముందు ఇన్ని దేశాలు కలిసి ఆకాశం మీద చేసిన పని ఇంకొకటి లేదని నా లెక్క. చిలీలోని శాంటియాగో తన పట్టీని వదిలేసుకుంటే హైదరాబాద్ అందుకుంది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ అది. మన అనూరాధ నక్షత్రంలో రెండు చుక్కలు అందులోనే ఉన్నాయి. అది ముగిసేసరికి జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరపు పట్టీలో ఒక భాగం, 36 నుంచి 39 డిగ్రీలు, కూడా మనవాళ్ల నెత్తిన పడింది. అభిజిత్ ఉన్నది ఈ పట్టీలోనే. మొత్తం ఏడు లక్షలకు పైగా నక్షత్ర స్థానాలు బేగంపేట నుంచి అచ్చుకెక్కాయి.

ఇక నాకు నచ్చిన కిటుకు. గాజు మీద పూత జెలటిన్. మందు నీళ్లలో ముంచితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అన్నిచోట్లా ఒకేలా ముడుచుకుంటుందన్న నమ్మకమూ లేదు. పథకం నియమం ప్రకారం పలక మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో 60 ఆర్క్ సెకన్లు (డిగ్రీని 3,600 భాగాలు చేస్తే అందులో ఒకటి ఆర్క్ సెకను). అంటే పూత ఒక మూల మిల్లీమీటరులో వందో వంతు జరిగినా నక్షత్రం 0.6 ఆర్క్ సెకను తప్పిపోతుంది. చుక్క జరిగిందా, పూత జరిగిందా?

దీనికి వాళ్లు చేసిన ఉపాయం ఏమిటంటే, పలకను దూరదర్శినిలో పెట్టకముందే దాని మీద గళ్లు ముద్రించడం. వెండి పూత పూసిన ఒక గాజు మీద సన్నని గీతలు గీకి ఉంటాయి. అడ్డం, నిలువు, గీతకూ గీతకూ మధ్య సరిగ్గా 5 మిల్లీమీటర్లు. ఆ గాజును ఫొటో పలక ముందుంచి క్షణకాలం వెలుగు చూపిస్తే గీతల గుండా మాత్రమే కాంతి పోతుంది. పలక మీద గళ్లు పడతాయి గానీ కంటికి కనబడవు, ఇంకా మందులో వేయలేదు కదా. అదే పలకను రాత్రి ఆస్ట్రోగ్రాఫ్‌లో పెడతారు. ఒకే చోట మూడుసార్లు, పలకను కాస్త కాస్త జరుపుతూ, 6 నిమిషాలు, 3 నిమిషాలు, 20 సెకన్లు తెరవడం రివాజు. మసక చుక్కలు పొడుగు ఎక్స్‌పోజరులో తేలతాయి, మరీ వెలిగేవి ఆఖరి 20 సెకన్లలో చిన్న చుక్కగా కొలతకు దొరుకుతాయి. ఆ తర్వాత గళ్లూ చుక్కలూ ఒకే తొట్టెలో, ఒకేసారి పైకి వస్తాయి. పూత ముడుచుకుంటే పక్కనున్న గీత కూడా చుక్కతో పాటే జరుగుతుంది. కాబట్టి పలక అంచు నుంచి కొలవక్కర్లేదు. మైక్రోస్కోపు కింద చుక్కకు అతి దగ్గరి గీత నుంచి కొలిస్తే చాలు. పూత చేసే మోసాన్ని పూతతోనే పట్టించారన్నమాట.

కొలిచేవాళ్లు ఒకసారి కొలిచాక పలకను తలకిందులుగా తిప్పి మళ్లీ కొలిచేవారు. కంటికి ఉండే కుడి ఎడమల పక్షపాతం సగటులో కొట్టుకుపోతుందని. వాటికన్‌లో ఈ పని సన్యాసినులు చేశారు. పలక ఎంత ఒరిగింది, ఎంత సాగింది, నడిమధ్య ఎక్కడుంది అన్నవన్నీ ఆరు అంకెల్లోకి కుదించే పద్ధతిని ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ టర్నర్ ఇచ్చాడు. హైదరాబాద్‌ను ఈ పనిలోకి ప్రోత్సహించినవాడూ ఆయనే. బేగంపేటలో మొదట చాట్‌వుడ్, తర్వాత పొకాక్, 1918 నుంచి టి.పి. భాస్కరన్ డైరెక్టర్లుగా ఈ చాకిరీ నడిపించారు.

చాకిరీ అనే అంటాను. అప్పట్లో ఎగతాళి చేసినవాళ్లకూ కొదవ లేదు. హార్వర్డ్‌లో పికరింగ్ మొదట్నుంచీ ఈ పథకం మీద పెదవి విరిచాడు. రెండేసి డిగ్రీల ముక్కలుగా ఆకాశాన్ని కోయడమెందుకు, వెడల్పుగా చూసే లెన్సు చేయించుకుంటే పోలేదా అన్నాడు. కేథరిన్ బ్రూస్ అనే సంపన్నురాలు ఇచ్చిన డబ్బుతో 24 అంగుళాల దూరదర్శిని చేయించి పెరూకు పంపాడు. మామూలు కార్ట్ పలకలు ఎన్నో పరిస్తే పట్టే ఆకాశం దాని ఒక్క పలకలో పట్టేది. యూరప్ వాళ్లు గళ్లు లెక్కపెడుతుంటే అమెరికన్లు నక్షత్రాల రంగులు విడదీసి వాటిలో ఏ పదార్థముందో చెప్పడం మొదలుపెట్టారు. పేరు కూడా వాళ్లకే వచ్చింది. పైగా కార్ట్ సంపుటాల్లో అచ్చయినవి ఆకాశపు అక్షాంశ రేఖాంశాలు కావు, పలక మీది కొలతలు. వాడుకోవాలంటే ఎవరికి వాళ్లు మళ్లీ లెక్క కట్టుకోవాలి. ఎవరూ కట్టలేదు. పుస్తకాలు లైబ్రరీల్లో దుమ్ము కొట్టుకుపోయాయి.

1989 ఆగస్టు 8న యూరప్ అంతరిక్ష సంస్థ హిప్పార్కస్‌ను పంపింది. నక్షత్రాల స్థానాలు కొలవడమే దాని పని. కక్ష్యను పెంచాల్సిన మోటారు అంటుకోక అది అనుకున్న ఎత్తుకు చేరనే లేదు, కోడిగుడ్డులాంటి కక్ష్యలోనే 1993 దాకా నెట్టుకొచ్చింది. దాని గుండె ఏమిటో చూడండి: రెండు సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పున్న ఒక గాజు పలక, దాని మీద 2,688 సన్నని చీలికలు. ఉపగ్రహం మెల్లగా తిరుగుతుంటే నక్షత్రం వెలుగు చీలికల మీదుగా పోతూ మిణుకుమిణుకుమంటుంది. ఆ మిణుకు ఏ క్షణాన పడిందో చూసి స్థానం చెబుతారు. మళ్లీ గాజు మీద గీతలే! అలా 1,18,218 నక్షత్రాలు తేలాయి. పక్కనున్న వేరే చీలికలతో టైకో అనే మరో ప్రయోగం నడిచింది. అది కొలిచినవి లక్షల్లో, కానీ అంత సూక్ష్మంగా కాదు.

టైకోకు ఒక లోటుంది. నక్షత్రాలు కదులుతాయి. ఇవాళ్టి జాబితా రేపటికి పనికిరావాలంటే ఏది ఎటు, ఎంత వేగంగా జరుగుతోందో తెలియాలి. మూడేళ్ల పైచిలుకు పరిశీలనలో మసక చుక్క జరిగేది ఏ పాటి? పిల్లవాడి ఎత్తును ఎంత మంచి టేపుతో కొలిచినా రెండు రోజుల్లో వాడు ఎదిగే వేగం తెలియదు. పదేళ్ల కింద గుమ్మానికి పెన్సిల్‌తో గీసిన వంకర గీత ఉంటే ఇట్టే తెలుస్తుంది. 1914కూ 1929కీ మధ్య తీసిన దక్షిణపు పట్టీ పలకల్లో తప్పు 0.3 ఆర్క్ సెకను ఉందనుకుందాం. ఉపగ్రహం చూసేనాటికి ఏడు దశాబ్దాలు గడిచాయి. ఆ తప్పును 70తో భాగించండి, ఏడాదికి ఆర్క్ సెకనులో వెయ్యో వంతులు నాలుగు మిగులుతాయి. కొలత పాతబడే కొద్దీ దాని తప్పు పలచబడుతుందన్నమాట. ఎవరికీ అక్కర్లేని ఆ సంపుటాలకు విలువ తెచ్చింది వాటి వయసే.

అంకెలన్నీ మళ్లీ కంప్యూటర్లలోకి ఎక్కించారు. మాస్కోలోనూ, అమెరికా నౌకాదళ వేధశాలలోనూ ఆ పని జరిగింది. హిప్పార్కస్ నక్షత్రాల్నే ఆధారంగా పెట్టుకుని పాత పలకలన్నింటినీ కొత్తగా లెక్క కట్టారు. 46 లక్షల నక్షత్రాలు వచ్చాయి. వాటినీ, నేల మీద తయారైన మరో 143 జాబితాల్నీ టైకో కొలతలకు జతచేసి 2000లో టైకో-2 తెచ్చారు. 25 లక్షల నక్షత్రాలు, దాదాపు అన్నింటి కదలికతో సహా.

మిగతా కథ గబగబా చెప్పేస్తాను. వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. అక్కడ సహాయకుడిగా పనిచేసిన ఒకాయన కొడుకు వైను బప్పు, హార్వర్డ్‌లో చదువుతూ 1949లో తోకచుక్కను కనిపెట్టినవాడు. బేగంపేట మీద లైట్లు పెరిగాక పని ఊరి బయటికి మారింది, 1968లో జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని వచ్చింది. 2013 డిసెంబర్‌లో యూరప్ వాళ్లే గయా ఉపగ్రహాన్ని పంపారు. గాజు గీతలు పోయి సీసీడీలనే కెమెరా చిప్‌లు వచ్చాయి, లెక్క వంద కోట్లు దాటింది. అయినా 2016లో గయా తొలి జాబితా విడుదలయ్యేనాటికి దాని చేతిలో ఉన్నవి ఏడాది పైచిలుకు కొలతలే. 20 లక్షల నక్షత్రాల కదలికా దూరమూ చెప్పడానికి దానికీ పాత స్థానాలు కావలసి వచ్చాయి. వాటిని హిప్పార్కస్ నుంచీ, టైకో-2 నుంచీ తీసుకున్నారు.