విశాఖ రేవు – నౌకాబలము

కొత్తగూడెము, రామగుండము వంటి బొగ్గుగనుల సీమలలో నివసించు మనకు సముద్రము దూరపు ముచ్చట. అయినను పొగయోడల కాలమున బొగ్గే యోడకు ప్రాణము. బొగ్గు ఎంత యున్నను మంచి రేవు లేనిదే నౌకాబలము చేకూరదు. ఆంధ్రదేశమునకు విస్తారమైన తీరమున్నను, పెద్ద యోడలు భయము లేక నిలువదగిన లోతురేవు చిరకాలము కొఱతగనే యుండెను. ఆ కొఱతను విశాఖపట్టణము తీర్చినది.

పట్టణమునకు దక్షిణమున యారాడకొండ సముద్రములోనికి ముక్కువలె పొడుచుకొని వచ్చియున్నది. పాశ్చాత్యులు దీనికి డాల్ఫిను ముక్కని పేరిడిరి. ఇది నైరృతి గాలుల తాకిడిని కొంత యడ్డగించును. దాని చాటున మేఘాద్రిగెడ్డ సముద్రమును చేరుచోట నున్న బురదనేలను త్రవ్వి లోపలి రేవును గావించిరి. అయితే నైరృతి ఋతువున అలలు తీరము వెంబడి యిసుకను ఉత్తరమునకు త్రోయుచుండును. అది రేవు ముఖద్వారమును పూడ్చివేయును. దీనికి ప్రతిక్రియగా రెండు పాత యోడలను ముంచి, రాళ్లు పోసి, ద్వీపమువంటి యడ్డుకట్టను నిర్మించిరి. దాని చాటున నిలిచిన యిసుకను త్రవ్వోడలు తోడివేయుచుండును. 1933 అక్టోబరు 7వ తేదీన సింధియా కంపెనీవారి ‘జలదుర్గ’ యీ రేవున ప్రవేశించెను. డిసెంబరు 19న రాజప్రతినిధి విల్లింగ్డను ప్రభువు ప్రారంభోత్సవ మొనర్చెను.

సముద్రబలము లేని దేశమున తీరము పరుల రణరంగమగును. 1804 సెప్టెంబరులో విశాఖ యెదుట ఫ్రెంచివారును ఆంగ్లేయులును పోరాడిరి, మనము ప్రేక్షకులము. 1942 ఏప్రిల్ 6న జపానువారు విశాఖ, కాకినాడలపై బాంబులు వైచిరి. విశాఖవాసు లనేకులు పట్టణమును విడిచిపోయిరి. నాటికి మన రక్షణ మన చేతిలో లేదు.

ఆ స్థితి క్రమముగా మారినది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ సింధియావారి నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14న అందు నిర్మితమైన ‘జలఉష’ను నెహ్రూ పండితుడు నీట విడిచెను. 1968లో విశాఖ తూర్పు నౌకాదళమునకు కేంద్రమైనది. 1971 డిసెంబరులో పాకిస్థాను జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖ యెదుటనే మునిగెను. 2009 జూలై 26న అణుశక్తిచే నడచు ‘అరిహంత్’ ఇచటనే జలప్రవేశము చేసినది.

ఇంత గౌరవము నడుమ విస్మరింపరాని విషయ మొకటి గలదు. రేవుచెంత నాగిన యిసుక ఉత్తరపు తీరమునకు సహజముగా చేరదు. చేరకున్న సముద్రము రామకృష్ణా తీరమును కోయును. జాలరుల వలలారు చోటు తరుగును. అందుచేతనే త్రవ్వి తీసిన యిసుకను మరల ఆ తీరమున పోయుట యాచారమైనది. దీనిని ఉదారమైన వ్యయముగా నెంచరాదు. రేవు తీర్చవలసిన ఋణముగా నెంచవలయును.

ఈ న్యాయము మన గనివారికి క్రొత్త కాదు. బొగ్గు తీసిన చోట ఇసుకతో నింపనిచో పైనేల క్రుంగునని వారెఱుగుదురు. భూమియందు చెల్లు ధర్మము సముద్రతీరమునను చెల్లును. దేశరక్షణకై రేవును త్రవ్వినవారే దేశపు నేలయు కరగకుండ కాచుట యుక్తము.