గద్వాల నేఁత: చిత్రశబ్దవిచారము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలయందుఁ బాండిత్యము గలదు, కవిత్వము గలదు, చిత్రకళ మాత్రము లేదని యొక యుపాధ్యాయమిత్రుఁడు నాతో వాదించెను. గోడకు వ్రేలాడఁగట్టు పటము చిత్ర మనియు, పటములను వరుసగాఁ జూపు శాల యున్న యూరే చిత్రకళ గల యూరనియు నాయన నిశ్చయము. వ్యాకరణము చదివినవాఁడ నగుటచే నేను వెంటనే వాదమునకు దిగక, మొదట శబ్దార్థమును దేల్చుకొందమంటిని. ఆనాఁటి ప్రసంగమునే కొంత విరివిగా నిట వ్రాయుచున్నాఁడను.

అమరసింహుఁడు చిత్రశబ్దమును ధీవర్గమున నానావర్ణముల కలయికకుఁ బర్యాయముగాను, నాట్యవర్గమున నాశ్చర్యమునకుఁ బర్యాయముగాను బఠించినాఁడు. శిల్పశాస్త్రకారులు మఱియొక యడుగు ముందునకుఁ బోయి, అన్ని వైపులఁ గానవచ్చు విగ్రహమును చిత్ర మనియు, సగము మాత్రమే పైకుబికినదానిని అర్ధచిత్ర మనియు, గోడమీఁదనో బట్టమీఁదనో రంగులతో వ్రాసినదానిని చిత్రాభాస మనియుఁ బేర్కొనిరి. కావున మిత్రుఁడు చిత్రమని తలఁచినది శాస్త్రకారులకు ఆభాసమాత్రము. ఇఁక పట మన్ననో, ఆ శబ్దమునకు మొదటి యర్థము వస్త్రమే. నేసినది పటము, నానావర్ణయుక్తమైనది చిత్రము. ఈ రెండర్థములును గలసిన తావు మగ్గముగాక మఱేది?

శిలాచిత్రములను గూర్చి యెక్కువగా వ్రాయఁ బనిలేదు. ఆలంపురమున తుంగభద్ర యొడ్డున బాదామి చాళుక్యులు నిర్మించిన నవబ్రహ్మాలయములు పండితలోకమునకుఁ బరిచితములే. స్వర్గబ్రహ్మాలయపు గోడలపై నాకాశమునఁ దేలిపోవు గంధర్వమిథునములను జూచినవాఁ డీ సీమలోఁ జిత్రకళ లేదనఁజాలఁడు. శ్రీశైలజలాశయమున మునుఁగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి తెచ్చి యాలంపురమున మరల నిలిపిరి. నాగర్‌కర్నూలు జిల్లా సోమశిల యాలయములనుగూడ నట్లే తరలించిరి. మిత్రుఁ డివి యన్నియు నొప్పుకొని, “అవి గతించినవారి కళలు, నేఁడు మనుష్యుల చేతులలో నున్న కళ యేది?” యని మరల నడిగెను. న్యాయమైన ప్రశ్న.

కృష్ణాతుంగభద్రల నడుమ నుండుటచే నడిగడ్డ యని పేరొందిన భూమిలో గద్వాల యున్నది. 2016వ సంవత్సరమున మహబూబ్‌నగరు జిల్లా విభక్తమైనప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాకు ముఖ్యపట్టణ మయ్యెను. వనపర్తియు నాగర్‌కర్నూలును నప్పుడే జిల్లాలైనవి. సోమనాద్రి కట్టించిన కోట, అందలి చెన్నకేశవాలయము, సంస్థానాధిపతులు పండితులకుఁ జేసిన సత్కారములు గద్వాలకు వన్నె దెచ్చినవి. ‘విద్వద్గద్వాల’ యను పేరు ఆ సత్కారములవలనఁ గలిగినదే. మనవారు ఆ పేరు చెప్పుకొనుటలో నెంత యుత్సాహవంతులో, ఆ యూరి మగ్గముల చప్పుడు వినుటలో నంత బధిరులు. నేనును నం దొకఁడను. నలువదియేండ్లు దాఁటువఱకు గద్వాల చీర యనఁగాఁ బెండ్లిండ్లలోఁ బెట్టెడి వెల హెచ్చు చీర యని మాత్రమే యెఱుఁగుదును.

ఆ చీర నడుము నూలు; అంచులును గొంగును బట్టు; వానిపై జరీ. ఎండ మెండుగాఁ గాయు సీమలో దేహమునకు నూలు హితము, పూజాదులకుఁ బట్టు ప్రశస్తము. రెండును నొక్క వస్త్రమునఁ గావలసివచ్చెను. సాధారణముగ నొక్కటే నాడె యీ కొననుండి యా కొనకుఁ బోవును. కాఁబట్టి పేక యంతటను నొక్కటే యగును. అంచున నిలువునఁ బట్టుపడుగు పెట్టినను, అడ్డముగ నూలుపేకయే పోవుటచే అంచు రంగు కలఁతవడును. గద్వాల నేఁతగాఁడు మూఁడు నాడెలు వాడును. నడిమి నాడెలో నూలుపేక, ఇరుప్రక్కల నాడెలలోఁ బట్టుపేక. నూలుపేక అంచుమేర వఱకు వచ్చి, యచ్చటఁ బట్టుపేకను గొక్కెమువలెఁ దగిలించుకొని వెనుదిరుగును. పట్టుపేకయు నట్లే తన యంచులోనికి మరలిపోవును. ప్రతి వరుసయందును రెండు చోటుల నీ పెనవేఁత జరుగవలెను. ఒక్కని చేతులు చాలవు. మగ్గమునొద్ద రెండవవాఁడు సాయము కూర్చుండును. దీనినే కుప్పడ మందురు. ఆ కలియు చోటును వరుసవరుసకుఁ గొంచెము కొంచెముగ జరుపుచుఁ బోయినచో అంచు నూలులోనికిఁ జొచ్చుకొనివచ్చి గోపురశిఖరమువలె నేర్పడును. అట్టి శిఖరములు వరుసగాఁ దీరిన యంచు కోటకొమ్మంచు. నూలు తడిసిన ముడుచుకొనును, పట్టు జాఱును; భిన్నస్వభావములైన యీ రెంటిని నొక్క బిగువున నిలుపుటయే యిందలి కష్టము. కొంగునొద్ద పడుగునే మార్పవలెను గనుక, నూలుపోఁగును పట్టుపోఁగుతో నొక్కొక్కటిగఁ గలుపుదురు. ఆ పని చూచుచుండఁగాఁ గన్నులు నొచ్చినవి నాకు, చేయువానికిఁ గాదు.

ఇచట నొక్కమాట. పాణిని వర్ణముల యత్యంతసామీప్యమును సంహిత యనెను. సంహితయం దాదేశమో, ఆగమమో, లోపమో కలుగుట మనకుఁ బరిచితము. ప్రగృహ్యములందు మాత్రము ప్రకృతిభావము: రెండు వర్ణములును దమ రూపమును విడువక ప్రక్కప్రక్క నుండును, కాని వానిఁ బట్టియుంచు లంకె యేదియు లేదు. కుప్పడమునం దన్ననో నూలు పట్టు గాదు, పట్టు నూలు గాదు. అయినను బట్టి లాగిన విడిపోవు. అట్టి సంధి మన శాస్త్రమున లేదు. విద్యార్థులకు ప్రకృతిభావము చెప్పునప్పుడు నేనిప్పు డొక చీరయంచును జూపుచున్నాఁడను. కొందఱు నవ్వుదురు, కాని మఱచిపోరు.

గద్వాల ప్రభువులు నేఁతగాండ్రను గాశికిఁ బంపి జరీపని నేర్పించిరని యొక వాడుక గలదు. జరీవిషయమున నది యుండవచ్చును. కాని యీ చీరకుఁ బ్రాణమైన సంధి కాశినుండి వచ్చినదని నేను నమ్మఁజాలను. కాంచీపురమున కోర్వై యను పేరఁ జేయునదియు నిట్టి పెనవేఁతయే, అచటను మూఁడు నాడెలే. శిఖరముల యంచు దక్షిణదేశమున దేవాలయము లున్న తావులనెల్లఁ గానవచ్చును. కావున దీని చుట్టఱికము కంచితోఁ గలపుట యుచితము.

తిరుమల శ్రీవారికి బ్రహ్మోత్సవములలో గద్వాల సంస్థానము పక్షమున ‘ఏరువాడ జోడు పంచెలు’ సమర్పించు నాచారము నేఁటికిని సాగుచున్నది. పదునొకండు గజముల నిడివి, రెండు గజములకు మించిన వెడల్పు గల యీ పంచెలను నేయువారు నియమవ్రతులై యుందురు. వెడల్పు ఒక్కని చేతి కందదు. పలువురు గూర్చుండి నేయుదురు. సంస్థానములు పోయి డెబ్బదియేండ్లు దాఁటినను ఈ మగ్గము నిలువలేదు. పండితసత్కారములు నిలిచినవని యేల చెప్పుదును?

రాజోలి, అయిజ, వనపర్తి జిల్లాలోని అమరచింత, కొత్తకోట యందును మగ్గములు గలవు. వీనికి వచ్చిన కీడు మఱియొకటి. అంచు గల చీర మొదలైన కొన్ని వస్త్రములను జేమగ్గములకే కేటాయించుచు 1985వ సంవత్సరమున శాసనము చేసిరి. భౌగోళికసూచికల పట్టికలో గద్వాల చీర పేరును జేరినది. అయినను మరమగ్గముపై నేసిన యనుకరణలు గద్వాల పేరఁ జెల్లుచున్నవి. రెండవవానికిఁ గూలి, నెమ్మదిగ సాగు పని, వీనిచే నసలు చీర వెల హెచ్చును. అనుకరణకు ఆ బాధ లేదు. ఈ రెంటికిని భేదము తెలియనివాఁడు చౌకదానినే కొనును, నేఁతగాని కుమారుఁడు వేఱుపని చూచుకొనును.

భేదము తెలియుటకు మాటలు కావలెను. నేఁతపదములు లేకపోలేదు. 1971వ సంవత్సరమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూర్చిన మాండలిక వృత్తిపదకోశపు చేనేతసంపుటము ప్రకటితమైనది. పడుగు, పేక, నాడె, కండె, పన్నె యను మాట లం దుండఁగా, మనము పాఠములలో పేకకుఁ బడుగనియుఁ బడుగునకుఁ బేకయనియు నర్థములు చెప్పి గట్టెక్కుచున్నాము. పద్యములో మగ్గము వచ్చినపుడు ఒక్కసారియైన మగ్గము చూచిన యుపాధ్యాయుఁడు చెప్పెడి యర్థము వేఱుగ నుండును.

మిత్రునితోఁ గూడి యొకనాఁడు గద్వాలకుఁ బోయితిని. అచటి వృద్ధుఁ డొకఁడు చీరమడత విప్పక, అంచు నూలుతోఁ గలియు చోటును మాత్రము తిరగవేసి చూపెను. అడుగువైపున నూలును బట్టును నొండొంటిఁ గౌఁగిలించుకొని వెనుదిరిగిన మెలిక వరుసగఁ గానవచ్చెను. వెంటనే యనుకరణపుఁ జీరను దీసి, అదే చోట పోఁగులు తేలి కత్తిరింపఁబడియుండుటఁ జూపెను. మిత్రుఁడు చాలసే పేమియుఁ బలుకక, రెండంచులను వ్రేలితోఁ దడవి చూచుచుండెను.