మీకు తెలుసా? సరస్వతి ఆకు క్యారెట్‌కు చుట్టం!

తిరువూరు వైపు చెరువు గట్టు దిగువనో, వరి చేల బోదె పక్కనో, తడి ఆరని నేల మీద సరస్వతి ఆకు కనబడితే ఒకసారి కూర్చుని చూడండి. క్యారెట్, కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు... వీటన్నిటిదీ దీనిదీ ఒకటే కుటుంబం. కొత్తిమీర ఒక్క పంటకాలంతో సరి. ఇది మాత్రం ఏళ్ల తరబడి బతికే మన నేల మొక్క. తీగ పాకిన చోటల్లా కణుపు దగ్గర వేళ్లు దిగి కొత్త మొక్క లేస్తుంది.

దీనికి పువ్వులుంటాయని చాలామందికి తెలియదు. అంచుల్లో గాట్లున్న గుండ్రటి ఆకును పైకెత్తితే, పొట్టి కాడ చివర లేత ఊదా రంగులో మూడు నాలుగు చిట్టి పువ్వులు గుత్తిగా కనిపిస్తాయి.

వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లోనే దీన్ని గ్రంథస్థం చేశాడు. ఆయుర్వేదంలో ఇది మండూకపర్ణి. శ్రీలంకలో ‘గొటుకొల’ పేరుతో రోజూ తినే ఆకుకూర. ఇందులోని ఏషియాటికోసైడ్ అనే పదార్థం పుండ్లు మానడానికి తోడ్పడుతుంది. కొరియా ‘సికా’ చర్మ క్రీముల్లో ఉండేదీ ఈ మొక్క సారమే.

దీన్ని బ్రాహ్మి పేరుతో అమ్మే నీటి సాంబ్రాణి అనుకోకండి, అది వేరే కుటుంబానిది. దాని ఆకులు చిన్నవి, దళసరివి.

మురుగు కాలువల పక్కన పెరిగిన సరస్వతి ఆకును మాత్రం కోయకండి, నేలలోని సీసం లాంటి లోహాలను ఇది పీల్చుకుంటుంది. కాలేయ సమస్యలున్నవారు, గర్భిణులు వైద్యుణ్ని అడగకుండా వాడొద్దు.