అచోలీ బాలల నృత్యము

యుద్ధమువలన చెదరిన పసిమనస్సులను సంగీతనృత్యములు కుదుటబఱచునని నేడు పలుదేశములందు చెప్పుచున్నారు. మాట వినుట కింపుగనే యున్నది. అది యెంతవఱకు నిజమో యొక దేశపు అనుభవమునుబట్టి విచారింప దలచితిమి. ఆ దేశము ఆఫ్రికాఖండమునందలి యుగాండా. ఆ ప్రజలు దాని యుత్తరభాగమున నివసించు అచోలీలు.

1986లో ముసెవేనీ సైన్యము కంపాలానగరమును వశపఱచుకొనిన పిమ్మట ఉత్తరమున తిరుగుబాటు చెలరేగెను. అందుండియే జోసెఫ్ కోనీ నాయకత్వమున ‘ప్రభు ప్రతిరోధ సైన్యము’ బయలుదేఱినది. దైవనామము ధరించిన యీ సైన్యము చేసిన పని తన ప్రజల బిడ్డలనే యపహరించుట! బడులనుండియు ఇండ్లనుండియు ఎత్తుకొనిపోబడిన బాలబాలికలు 20,000కు మించుదురని యంచనా. మరల నిల్లు చేరుటకు మొగము చెల్లకుండ జేయుటకై వారిచేతనే వారి బంధువులను చంపించిన సందర్భములు పెక్కులు గలవు. 1996 మొదలు ప్రభుత్వము పల్లెలను ఖాళీ చేయించి ప్రజలను శిబిరములకు దఱిమెను. 2005 నాటికి నెలవులు దప్పినవారు 15 లక్షలకు పైబడిరి. తిరుగుబాటుదారులకును ప్రభుత్వసైన్యమునకును నడుమ జనులు అడకత్తెరలో పోకచెక్కలైరి. ప్రొద్దుగ్రుంకు వేళకు వేలకొలది పిల్లలు చాపలు చంకబెట్టుకొని గులూ, కిట్గుమ్ పట్టణములకు నడచివచ్చి, దుకాణముల యరుగులపైనను ఆసుపత్రి యావరణములందును నిద్రించి, తెల్లవాఱగనే మరలిపోవుచుండిరి.

సేద్యగాండ్రను పొలమునుండి విడదీసిన నేమగునో మా పాఠకులకు వేఱుగ జెప్ప బనిలేదు. ఐతే కంటికి గానరాని నష్టము మఱియొకటి జరిగెను. అచోలీల యిండ్లలో రాత్రివేళ నెగడుచుట్టు గూర్చుండి పెద్దలు పిన్నలకు కథలును వంశవృత్తాంతములును జెప్పు ఆచారము కలదు. దానిని ‘వాంగ్ ఓ’ యందురు. శిబిరముల యిఱుకులో, నిషేధాజ్ఞల నడుమ, ఆ నెగడు చల్లాఱెను. తాతల మాట వినని తరమొకటి పెరిగెను.

ఇట్టి కాలమున, 2005లో, సుమారు 60,000 మంది క్రిక్కిరిసియున్న పటోంగో శిబిరమునుండి ప్రాథమిక పాఠశాల బాలబాలికలు కంపాలాలో జరిగిన జాతీయ సంగీతపోటీకి వెళ్లిరి. 2007లో వెలువడిన ‘వార్ డాన్స్’ అను చలనచిత్రము వారి కథను లోకమునకు దెలిపినది. వారు ప్రదర్శించిన వానిలో ముఖ్యమైనది ‘బ్వోలా’. ఇది రాజనృత్యము, ‘రువోట్’ అనబడు కులనాయకుని గౌరవార్థ మాడునది. పురుషులు చిన్నడప్పులు చేబూని, తలపై నిప్పుకోడి యీకలు దాల్చి, వలయముగ నడుగులు వేయుదురు. స్త్రీలు లోపల నాడుదురు. యువతీయువకుల నృత్యమైన ‘లారకరక’లో సొరబుఱ్ఱలను సైకిలుచక్రపు పుల్లలతో వాయింతురు. సైకిలుపుల్ల సంప్రదాయమెట్లగునని పండితు లాక్షేపింతురేమో! బ్రతికియున్న కళ చేతికందిన దానిని గ్రహించును.

ఈ నృత్యమున మమ్మాకర్షించినది దాని యందము మాత్రమే కాదు. వలయమున నొక్కడు తాళము దప్పిన పదుగురి యడుగు చెడును. కావున ప్రక్కవాడు వీనిని నమ్మవలెను. అడవినుండి తిరిగివచ్చిన బాలుని నమ్మువారెవరు? చంపబడినవాని ప్రేతము, ‘చెన్’, చంపినవానిని పట్టియుండునని అచోలీల విశ్వాసము. వచ్చినవాడు గ్రుడ్డును ద్రొక్కి యింట బ్రవేశించు క్రతువు కలదు. క్రతువు ఒకనాటితో ముగియును. నెలలతరబడి తోటివారితో గలసి డప్పు వాయించుట అటుపిమ్మటి పని.

ఐనను కళాభిమానులు దాచరాని సంగతి యొకటి కలదు. 2005లో గులూ సమీపపు రెండు శిబిరములలో వైద్యపరిశోధకులు 314 మంది కిశోరులను మూడు తెగలుగ జేసిరి. ఒక తెగవారు గుంపుగ గూర్చుండి తమ దుఃఖకారణములను జెప్పుకొనిరి; ఒక తెగకు ఆటలును కళావినోదములును గల్పించిరి; మూడవది వేచియుండెను. 2007లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము మొదటి తెగలోని బాలికల మనోవ్యాకులత తగ్గెను. వినోదముల తెగలో చెప్పదగిన మార్పు గానరాలేదు! పరదేశి నేర్పిపోవు కాలక్షేపము వేఱు, తాతలనుండి వచ్చి ఊరెల్ల చూడవచ్చు నృత్యము వేఱు అని మేమందుము. కాని యంతమాత్రమున నృత్యమును వైద్యమునకు బదులుగ నిలుపబూనుట పొరపాటు. సహాయసంఘములవారికి డప్పులు కొనుట సులభము. దుఃఖము నాలించు మనుజుని వారమువారము కూర్చుండబెట్టుట కష్టము. రెండును వలయును.

2006లో పోరు సద్దణగగా ప్రజలు క్రమముగ పల్లెలు చేరిరి. పొలముల గట్లెఱిగిన ముసలివారు శిబిరములలోనే గతించుటచే హద్దుతగాదాలు మిక్కుటమాయెను. బడికి బోవు దారిలో పసివాడుగ నపహరింపబడి, తిరుగుబాటుసైన్యమున సేనానియైన డొమినిక్ ఒంగ్వెన్ 2021లో అంతర్జాతీయ నేరన్యాయస్థానముచే 25 సంవత్సరముల శిక్ష బొందెను. అడవిలో బలవంతముగ భార్యలుగ జేయబడిన బాలికలు బిడ్డల నెత్తుకొని పుట్టిండ్లకు వచ్చిరి. అచోలీలలో భూమి తండ్రివంశమున సంక్రమించును. ఈ బిడ్డలకు తండ్రియూరు తెలియదు. మేనమామలు పెక్కుచోట్ల పాలు నిరాకరించుచున్నారు. వారిలో మగపిల్లలు నేడు సేద్యము చేయు వయస్సువారు.