నీటి మీద కిటికీ

రాయ్‌పూర్‌లో మెరైన్ డ్రైవ్ ఉందంటే ఊళ్లో మన చుట్టాలెవరూ నమ్మరు. తేలీబాంధా చెరువు గట్టుకు ఇక్కడివాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు అది. అసలు సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చుని విశాఖపట్నంలో దిగాలి. అలాంటి ఊళ్లో ఉండి సముద్రపు అడుగును చూసే పరికరం గురించి చెప్పుకోవడం ఎందుకంటారా? మన బడిలో ఈ ఏడాది పక్క బల్లమీద కూర్చున్నవాళ్లు వచ్చే ఏడాది ఎక్కడుంటారో ఎవరికీ తెలియదు. అమ్మకో నాన్నకో ఆర్డరు వస్తే అట్టపెట్టెలు సర్దుకుని బయలుదేరడమే. అది పోర్ట్ బ్లెయిర్ అయినా కావచ్చు, దానికి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు. అక్కడికి వెళ్లినవాళ్లకు తెలుగు మాట కరువుండదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి సుమారు పదముగ్గురు తెలుగు మాతృభాషగా రాయించుకున్నారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వారిలో చాలా ఉన్నాయి.

ఇక పరికరం సంగతి. మన తీరంలో జాలర్లు దుంగలు కట్టి చేసుకునే తెప్ప మీకు తెలిసే ఉంటుంది. దానికి మనవరాలి లాంటిది ఇది. తేలికైన పలక, నడుమ ముఖం పట్టేంత పారదర్శకమైన కిటికీ, రెండు పక్కలా పిడులు, వెనక బ్యాటరీతో తిరిగే చిన్న పంకా. బోర్లా పడుకుని కిటికీలోంచి కిందికి చూస్తూ పిడి మీద మీట నొక్కితే చాలు, కాళ్లు ఆడించకుండానే మెల్లగా సాగిపోతాం. ముక్కు నీళ్లలో మునగదు, నోట్లో గొట్టం పెట్టుకోనక్కరలేదు. విదేశాల్లో స్నార్కెలింగ్‌కు వెళ్లేవాళ్లు ఇలాంటివి వాడుతున్నారు.

అసలు కిటికీ ఎందుకు కావాలి? ఈత కొలనులో కళ్లు తెరిచి చూసినవాళ్లు చెప్పగలరు, అంతా మసకే. మన కంట్లో కాంతిని వంచే పనిలో మూడింట రెండు వంతులు చేసేది ముందున్న కార్నియా పొర. గాలిలోంచి ఆ పొరలోకి వచ్చేటప్పుడు కాంతి బాగా వంగుతుంది. నీటి వక్రీభవన గుణకం 1.33, కార్నియాది దాదాపు 1.38. రెండూ ఇంచుమించు ఒకటే కాబట్టి నీళ్లలో ఆ పొర ఉన్నా లేనట్టే. స్నార్కెల్ కళ్లద్దాలు చేసే పని ఒక్కటే, కంటి ముందు కాస్త గాలిని తిరిగి పెట్టడం.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేం. అండమాన్ సముద్రానికి అవతలి ఒడ్డున, థాయిలాండ్, మయన్మార్ తీరాల్లో మోకెన్ అనే జాతివారున్నారు. పడవలే ఇళ్లుగా దీవి నుంచి దీవికి తిరిగినవాళ్లు. బదిలీల్లో మనల్ని మించినవాళ్లన్నమాట. వాళ్ల పిల్లలు కళ్లద్దాలు లేకుండా మునిగి గవ్వలూ ఆల్చిప్పలూ ఏరుకొస్తారు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన అన్నా గిస్లేన్ అక్కడికి వెళ్లి పరీక్షించి, యూరప్ పిల్లలకంటే మోకెన్ పిల్లలు నీటి అడుగున రెట్టింపు స్పష్టంగా చూడగలరని 2003లో ప్రకటించారు. వాళ్లు కంటిపాపను వీలైనంత చిన్నది చేసి, లోపలి కటకాన్ని గట్టిగా బిగిస్తున్నారట. తరువాత స్వీడన్ పిల్లలకు సాధన చేయిస్తే వాళ్లకూ ఆ విద్య పట్టుబడింది! అంటే అది పుట్టుకతో వచ్చింది కాదు.

ఒడ్డున నిలబడి చూసేవాళ్ల ఇబ్బంది వేరు. కన్ను గాలిలోనే ఉంటుంది గానీ నీటి పైభాగం కుదురుగా ఉండదు. ప్రతి చిన్న అలా ఒక వంకర అద్దమై కాంతిని తలో వైపుకు వంచుతుంది. పైగా ఆకాశం మెరుపు కళ్లలో కొడుతుంది. పలకలోని కిటికీ నీటిని ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆ చోట అల లేదు, తల నీడ పడుతుంది కాబట్టి మెరుపూ లేదు. ఒక్క షరతు, కిటికీ కింద గాలి బుడగ చిక్కకూడదు. నీటిలోంచి గాలిలోకి 49 డిగ్రీలకంటే ఏటవాలుగా వచ్చే కాంతి బయటికి రాకుండా వెనక్కి తిరిగిపోతుంది. సంపూర్ణాంతర పరావర్తనం అనేది ఇదే. అలా చిక్కిన బుడగ చేపను సరిగా కనిపించనివ్వదు.

ఈ ఉపాయం కొత్తది కాదు. గ్రీసు దేశంలో స్పాంజీలు ఏరేవాళ్లు అడుగున గాజుబిళ్ల బిగించిన డబ్బాను పడవ పక్కన నీళ్లలోకి ముంచి చూసేవారు. 1870ల్లో అమెరికాలో ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ అనే నీటి ఊట దగ్గర పడవ అడుగుకే గాజు బిగించారు. అలాంటి అద్దాల పడవలు ఇప్పుడు మన అండమాన్‌లోనూ ఉన్నాయి. వండూర్ దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ వనంలో జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవుల్ని వంతులవారీగా తెరుస్తారు. ఒకటి సందర్శకులను చూస్తుంటే ఇంకోటి ఊపిరి పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ సీసాలు వెంట తీసుకుపోనివ్వరు. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు ఇంట్లో ఉంటే వెనక్కి తిప్పండి. కొబ్బరిచెట్ల అవతల కనిపించేది నార్త్ బే, అక్కడా ఈ పడవలు తిరుగుతాయి.

మరి విశాఖ అంత దగ్గరుండగా అండమాన్ దాకా ఎందుకు? ఋషికొండ దగ్గర నీటి అడుగుకు తీసుకెళ్లి చూపించేవాళ్లున్నారు, రాతిబండల చుట్టూ చేపలున్నాయి. కానీ అండమాన్‌లోలా పరుచుకున్న పగడపు దిబ్బలు మన కోస్తాలో లేవు. అందులో రాయ్‌పూర్‌కూ కాస్త వాటా ఉంది. మహాదేవ్ ఘాట్ దగ్గర మనం చూసే ఖారూన్ నది శివనాథ్‌లో, శివనాథ్ మహానదిలో కలిసి బంగాళాఖాతం చేరుతుంది. మహానది, గోదావరి, కృష్ణ మోసుకెళ్లే ఒండ్రూ మంచినీరూ తూర్పు తీరాన్ని కలకబారుస్తాయి. పగడాలకు ఎండా తేటనీరూ ఉప్పూ కావాలి. మన పొలాలకు మేలు చేసే మట్టే వాటికి పడదు. (విశాఖ వెళ్లినవాళ్లు బీచ్ రోడ్డులో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి ఎక్కుతారు. సముద్రం చూసే కిటికీ ఏదని పిల్లలు వెతుకుతారు. అందులో కిటికీలు లేవు.)

మోటారు గురించి కూడా తెలుసుకోవాలి. నీరు గాలికంటే సుమారు 800 రెట్లు చిక్కన. వేగం రెట్టింపైతే నీరు అడ్డుకునే బలం నాలుగు రెట్లవుతుంది, దానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుకే ఇవి నడక వేగంతో సాగితేనే బ్యాటరీ నిలుస్తుంది. ఇక తేలడం అంటారా, ముప్పై కిలోల పిల్ల, పది కిలోల పలక కలిస్తే నలభై లీటర్ల మంచినీటిని పక్కకు నెట్టాలి. ఉప్పునీరు కాస్త బరువు కాబట్టి సముద్రంలో ముప్పైతొమ్మిది లీటర్లు చాలు.

అసలు భయమూ ఈ మోటారు దగ్గరే ఉంది. మా అభిప్రాయం స్పష్టంగా చెబుతాం. ఈత రానివాళ్లకు ఈ పలక పనికొస్తుందని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మవద్దు. ఒక లెక్క చేద్దాం. బ్యాటరీ గంటసేపు వస్తుంది, పలక వేగం గంటకు 4 కిలోమీటర్లు, నీటి వాలు ఒడ్డు నుంచి లోపలికి గంటకు ఒక కిలోమీటరు అనుకోండి. అరగంట వెళ్లి వెనక్కి తిరుగుదాం అనుకున్నాడు ఒకబ్బాయి. సగం సగం, న్యాయంగానే ఉంది కదా? కానీ వెళ్లేటప్పుడు గంటకు 5 చొప్పున రెండున్నర కిలోమీటర్లు పోయాడు. వచ్చేటప్పుడు వేగం మూడే. మిగిలిన అరగంటలో ఒకటిన్నర కిలోమీటర్లు వచ్చేసరికి పంకా ఆగిపోయింది. ఒడ్డు ఇంకా కిలోమీటరు దూరం. పైగా వాలు అతన్ని మళ్లీ లోపలికి లాగుతోంది. కిటికీలోకి చూస్తున్నంతసేపూ తల కిందికే ఉంది కాబట్టి ఒడ్డు ఎంత దూరమైందో అతనికి తెలియనే తెలియదు. అందుకే ముందు వాలుకు ఎదురు వెళ్లి, తిరుగు ప్రయాణం వాలు వెంట పెట్టుకోవాలి. పక్కన తోడు ఉండాలి, ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాలి. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే దానికి ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడాలి. గజ ఈతగాళ్లకైనా ఇదే సూత్రం.

పగడాల వైపు నుంచి చూస్తే ఈ పలకలో ఒక మంచి ఉంది, కాళ్లు కిందికి దిగవు. కొత్తగా స్నార్కెలింగ్ చేసేవాళ్లు అలసిపోగానే దిబ్బ మీద నిలబడతారు. బండలా పెరిగే పగడం చాలావరకు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. మన బొటనవేలు ఒక్కసారి తగిలితే కొన్నేళ్ల పెరుగుదల ఊడిపోతుంది. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబారిపోయాయి. తమలో ఉండి ఆహారం తయారుచేసే సూక్ష్మమైన నాచును అవి బయటికి నెట్టేస్తే అలా అవుతుంది. అలాంటి దెబ్బతిన్న చోటికి మనం కాళ్లతో వెళ్లకూడదు. అయితే లోతు తక్కువైన చోట పంకా కూడా ఇసుక లేపి వాటి మీదే పోస్తుంది. అక్కడ మోటారు ఆపేసి చేతులతో నెమ్మదిగా తెడ్డు వేసుకోవడమే మేలని మా ఉద్దేశం. గుర్తుగా ముక్క ఒకటి జేబులో వేసుకుందామనుకునేవాళ్లకు ఒక మాట. దిబ్బలు కట్టే పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చోటుంది, పులి ఉన్నది కూడా అందులోనే.

సముద్రం దొరికేదాకా ఆగనక్కరలేదు. పాత ప్లాస్టిక్ బకెట్ అడుగును పెద్దవాళ్ల చేత కోయించి, తేటగా ఉండే ప్లాస్టిక్ కాగితం బిగుతుగా పరిచి, చుట్టూ సైకిల్ ట్యూబు ముక్కతో కట్టండి. మొదట ఇంటి నీళ్లతొట్టిలో ఒక స్కేలు వేసి చూడండి. చదునైన గాజులోంచి అయితే నాలుగడుగుల లోతు మూడడుగుల్లా, చేప మూడోవంతు పెద్దదిగా కనిపిస్తుంది. ఈ కాగితం మాత్రం నీటి ఒత్తిడికి బకెట్ లోపలికి ఉబ్బి, భూతద్దంలా ఇంకాస్త పెద్దది చేసి చూపిస్తుంది. ఎంత పెద్దదో ఆ స్కేలు గీతలు చెబుతాయి. చలికాలంలో నీరు తేరుకున్నాక, పెద్దవాళ్లతో కలిసి మహాదేవ్ ఘాట్ చివరి మెట్టు మీద కూర్చుని దాన్నే ఖారూన్‌లో ముంచండి.