కార్యాలయపు మాటల తరలింపు

పడమటి మండలాలనుంచి మా కేంద్రానికి సమాచారం పంపే మిత్రులు ముగ్గురున్నారు. ఒకరు మదనపల్లెలో, ఒకరు పుంగనూరులో, మూడవవారు కుప్పంలో. మదనపల్లె మిత్రులు తెల్లవారుజామున నిద్ర లేచి, టమోటా మార్కెట్టుకు ఎంత సరకు వస్తున్నదో, ధర ఏ తీరుగా ఉన్నదో వ్రాసి పంపుతారు. పుంగనూరునుంచి వానల సంగతీ, చెరువుల సంగతీ వస్తుంది. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోటు. అక్కడి సందేశాలలో తమిళ కన్నడ పదాలు తెలుగుతో పొత్తు కలిపి నడుస్తాయి. ఇవన్నీ కొన్నేళ్ళపాటు స్కైప్‌లో మేము ఏర్పరచుకొన్న ఒక బృందంలో జమ అయినవి. ఆ స్కైప్‌ను నిలిపివేయబోతున్నట్లు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 ఫిబ్రవరి 28న ప్రకటించినది. మే 5న నిలిపివేసినది. నడుమ ఉన్న వ్యవధి 66 రోజులు. ఆ రోజులలో మేము చేసినదీ, చేయక నష్టపోయినదీ చెబితే, ఇటువంటి తరలింపు తలపెట్టిన ఇతర కార్యాలయాలకు ఉపకరించవచ్చునని ఈ ప్రసంగం.

సందేశాల సాఫ్ట్‌వేర్లు మూతపడడం వింత కాదు. 1998లో పుట్టిన యాహూ మెసెంజర్ 2018 జూలై 17న ఆగిపోయినది. కార్యాలయాలకోసమే తయారైన హిప్‌చాట్ 2019 ఫిబ్రవరి 15న మూతపడినది. వ్యాపారసంస్థలు వాడిన స్కైప్ ఫర్ బిజినెస్ ఆన్‌లైన్‌కు 2021 జూలై 31న, గూగుల్ హ్యాంగౌట్స్‌కు 2022 నవంబరులో కాలం తీరినది. ఇరవై ఏళ్ళు నిలిచిన సందేశాల వేదికను దీర్ఘాయువు కలదనే చెప్పుకోవాలి. 2003లో వెలువడిన స్కైప్ ఆ లెక్కన నిండు నూరేళ్ళు బ్రతికినట్లే.

మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలై 14 రాత్రితో ముగిసినప్పుడు చాలామంది కంట నీరు పెట్టుకొన్నారు. ఆ చివరి రోజున తమకు తామే తంతి పంపుకొన్నవారు కూడా ఉన్నారు. అయితే ఆ తంతి కాగితం వారి చేతిలోనే ఉండిపోయినది. తపాలా కచేరీలోని యంత్రం మూలపడినా, తాత గారి పెట్టెలోని తంతికి చెరుపు లేదు. నేటి సందేశం అటువంటిది కాదు. మనం వ్రాసినదీ, మనకు వచ్చినదీ రెండూ ఆ సంస్థవారి యంత్రాలలో ఉంటాయి; మన తెరమీద కనిపించేది దాని నీడ. యంత్రం ఆగితే నీడ కూడా పోతుంది. ఇంత చిన్న సంగతి మాకు ఏప్రిల్ నెల మధ్యకు వచ్చేవరకూ తట్టలేదు. కొత్త వేదిక ఏది, అందులో బొమ్మలు ఎంత బాగున్నవి అనే చర్చలోనే నలభై రోజులు గడిపినాము.

పాత మాటలను వెలికి తీయడానికి దారి లేకపోలేదు. స్కైప్ వాడుకరులు తమ ఖాతాతోనే టీమ్స్‌లో ప్రవేశిస్తే పరిచయాలూ సంభాషణలూ అక్కడ కనిపించే ఏర్పాటు చేసినారు. అది వద్దనుకొన్నవారు తమ సందేశాలనన్నిటినీ ఒక మూటగా డౌన్‌లోడ్ చేసుకొనే వీలు అప్పట్లో ఉండినది. మేము రెండవ దారి పట్టినాము. మూట వచ్చినది. విప్పి చూచిన మా ఉద్యోగి, తెలుగంతా చెడిపోయినదని కంగారుపడినారు. అక్షరాలకు బదులు చుక్కలు, గీతలు, ఎక్కడివో ఐరోపా గుర్తులు.

నిజానికి ఏమీ చెడలేదు. కంప్యూటరు అక్షరాన్ని అక్షరంగా దాచదు; ఒక సంఖ్యగా దాస్తుంది. యూనికోడ్ అనే అంతర్జాతీయ పట్టికలో మన లిపికి 128 గదులు కేటాయించినారు. ఆ సంఖ్యలను దాచిన పద్ధతి ఒకటి, తెరిచే పద్ధతి మరొకటి అయితే ఇటువంటి తికమక కలుగుతుంది. తాళం మంచిదే, తాళపుచెవి వేరు. ఫైలును తెరిచేటప్పుడు యుటిఎఫ్-8 అనే పద్ధతిని ఎన్నుకొన్నంతనే మదనపల్లె ధరలు, కుప్పం వార్తలు మళ్ళీ చక్కగా ప్రత్యక్షమైనవి. ఈ కంగారులో మూటను పారవేసిన కార్యాలయాలు ఎన్ని ఉన్నవో అని మాకు అనుమానం.

అంతకంటె పెద్ద పొరపాటు మరొకటి జరిగినది. దానిని దాచదలచుకోలేదు. కొన్ని నెలల తరువాత ఒక రైతు మా కేంద్రానికి వచ్చినారు. ఫలానా తేదీన మీరు ప్రసారం చేసిన ధర కావాలి అన్నారు. సరకు అమ్మిన మండీవారితో ఆయనకు లెక్కలో భేదం వచ్చినది. మేము మూటలో వెదకి, ఆ తేదీకి ఎదురుగా ఉన్న ధరను కాగితంమీద వ్రాసి ఇచ్చినాము. రెండు రోజులకు ఆయన తిరిగి వచ్చి, అయ్యా, ఇది మరునాటి ధర, నా చీటీలో ఉన్నది వేరు అన్నారు. ఆయన మాటే నిజమైనది.

కారణం ఇది. ఇటువంటి మూటలలో కాలాన్ని భారతీయ కాలమానంలో గాక, సార్వత్రిక కాలమానంలో నమోదు చేస్తారు. మన గడియారం దానికంటె అయిదున్నర గంటలు ముందు నడుస్తుంది. మదనపల్లెలో తెల్లవారుజాము అయిదు గంటలకు పంపిన సందేశం మూటలో ముందు రోజు రాత్రి పదకొండున్నరకు వచ్చినట్లు కనిపిస్తుంది. పగటిపూట పంపిన వాటికి గంటలు మాత్రమే మారుతాయి. అయిదున్నరకు ముందు పంపిన వాటికి తేదీయే మారిపోతుంది. మా ధరలన్నీ అయిదున్నరకు ముందు వచ్చినవే! కొన్నేళ్ళ ధరలు ఒక్కొక్క రోజు వెనుకకు జరిగి కూర్చున్నవి. టమోటా వంటి సరకుకు ఒక రాత్రిలో ధర ఎంత మారగలదో పడమటి మండలాలవారికి మేము చెప్పనక్కరలేదు. ఆ రైతుకు సరియైన కాగితం వ్రాసి ఇచ్చి, క్షమాపణ చెప్పుకొన్నాము. తరువాత మొత్తం పట్టికకు అయిదున్నర గంటలు కలిపి తిరగవ్రాసినాము.

మూటలోకి రానివి కూడా కొన్ని ఉంటవి. ఇద్దరి మధ్యనే గుట్టుగా సాగేటట్లు తాళం వేసిన సంభాషణల బీగం వారి వారి ఫోనులలోనే ఉంటుంది గనుక, వేదిక నడిపేవారు వాటిని మరొకచోటికి తరలించలేరు. ఛాయాచిత్రాలదీ, ధ్వనులదీ మరొక చిక్కు. చాలా వేదికలలో సందేశంలో చిత్రం ఉండదు, చిత్రమున్న చోటి చిరునామా మాత్రమే ఉంటుంది. మాటలు తెచ్చుకొని చిత్రాలను విడిగా తెచ్చుకోకపోతే చిరునామా మిగిలి ఇల్లు కూలిపోయినట్లవుతుంది. పుంగనూరు మిత్రులు ఒక వానకాలంలో పంపిన చెరువుకట్టల ఛాయాచిత్రాలు కొన్ని మాకు ఈ విధంగానే దక్కలేదు.

ఇక బృందానికి యజమాని ఎవరు అనే ప్రశ్న. మాది ఏర్పరచినవారు ఉద్యోగ విరమణ చేసి వెళ్ళినారు. ఖాతా ఆయన సొంత ఈమెయిలుతో ముడిపడి ఉన్నది. సంకేతపదం మరచిపోయినానని ఆయన నవ్వుతూ చెప్పినారు. మాకు నవ్వు రాలేదు. కార్యాలయపు తాళపుచెవులు కార్యాలయంలోనే ఉండవలెనని బీరువాల విషయంలో అందరికీ తెలుసు.

కొత్త వేదికను ఎన్నుకొనేటప్పుడు మేము అడిగిన మొదటి ప్రశ్న: దీనిలోనుంచి బయటికి వచ్చే దారి ఎట్లున్నది? ఉచితంగా ఇచ్చే వాటిలో షరతులు చూడాలి. ఉదాహరణకు స్లాక్ ఉచిత పద్ధతిలో గడచిన 90 రోజుల సందేశాలే కనిపిస్తవి. ఈమెయిలుకు ఈ బాధ లేదు. అది ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదు. అందరూ అంగీకరించిన నియమాలతో నడుస్తుంది. ఒక కంపెనీ పోయినా మరొక కంపెనీ పెట్టెలోకి ఉత్తరం చేరుతుంది. సంభాషణలకు కూడా ఎక్స్‌ఎంపీపీ, మ్యాట్రిక్స్ వంటి ఉమ్మడి నియమాలు ఉన్నవి గాని, పెద్ద సంస్థలు చాలావరకు ఎవరి కోటకు వారు గోడ కట్టుకొన్నవి. మేము చివరకు ఎన్నుకొన్నదాని పేరు ఇక్కడ చెబితే ప్రకటన అవుతుంది గనుక చెప్పము.

పాతదీ కొత్తదీ కొంతకాలం కలిపి నడపడం మంచిదని చాలామంది సలహా ఇస్తారు. మేము మూడు వారాలు నడిపినాము. సగం వార్త ఇక్కడ, సగం అక్కడ. రెండు పడవలమీద కాళ్ళు పెట్టినట్లయినది. పది రోజులు చాలును. ఆపైన పాత బృందంలో వ్రాయడం మానివేసి, చదవడానికి మాత్రమే ఉంచుకోవాలి.

కుప్పంవారికి తరలింపు సులభంగానే సాగినది. 2002లోనే హ్యూలెట్-పకార్డ్ సంస్థ ఐ-కమ్యూనిటీ పేరుతో సమాచారకేంద్రాలు నెలకొల్పిన ఊరు అది; కంప్యూటరు అక్కడ కొత్త చుట్టం కాదు. కష్టం పుంగనూరులో వచ్చినది. అక్కడి మిత్రుల ఫోను పాతది, కొత్త సాఫ్ట్‌వేరు అందులో ఎక్కలేదు. ఆ సంగతి ఆయన మొహమాటంకొద్దీ చెప్పలేదు. తొమ్మిది రోజులు పుంగనూరునుంచి వార్తే లేదు. వానలు లేవు కాబోలునని మేమనుకొన్నాము. పదవ రోజున ఫోను చేస్తే తెలిసినది. ఇప్పుడు ఆయన మామూలు ఎస్సెమ్మెస్ పంపుతున్నారు. ఉదయం డ్యూటీలో ఉన్నవారు దానిని కొత్త బృందంలో ఎక్కించి, పక్కనే భారతీయ కాలమానంలో గంటా తేదీ వేస్తున్నారు.